చేతిరుమాళ్ళ కమిటీ

మా ఆఫీసులో ముక్కు జబ్బులు రెండే రెండు. ఒకటి సొంత జబ్బు, రెండోది ప్రభుత్వ జబ్బు. మొదటిదాన్ని డాక్టర్లు అలర్జీ అంటారు, రెండోదాన్ని సైనస్ ఇన్ఫెక్షన్ అంటారు. సొంత జబ్బుకి సెలవు లేదు. ప్రభుత్వ జబ్బుకి పది రోజుల నిర్బంధ సెలవు ఉంది. ఎవరిది ఏ జబ్బో తేల్చడానికి ముగ్గురు సభ్యుల కమిటీ ఉంది. ఆ ముగ్గురిలో నేనొకణ్ణి.

నా పేరు పట్టాభిరామయ్య. ప్రాంతీయ పాత దస్తావేజుల భద్రతా కార్యాలయంలో సూపరింటెండెంటుని. మాది గోదావరి ఒడ్డున ఉన్న ఊరు. ఆఫీసు ఒకప్పటి ధాన్యం గోడౌనులో ఉంది. నూట ఇరవై ఏళ్ళనాటి కాగితాలు మా దగ్గర భద్రంగా ఉన్నాయి. నూట ఇరవై ఏళ్ళనాటి దుమ్ము కూడా అంతే భద్రంగా ఉంది. ఆ దుమ్ము దులపడానికి అనుమతి కోరుతూ మా పైవాళ్ళకి ఎప్పుడో ఉత్తరం రాశాం. దాని నకలు కూడా రికార్డు రూములోనే ఎక్కడో ఉంది, దాని మీద కూడా దుమ్ముంది.

నా గురించి ఒక్క మాట చెప్పుకోవాలి. ముప్పై ఒక్క ఏళ్ళ సర్వీసులో నాకు డ్రాఫ్టింగులో పేరొచ్చింది. 'కుదరదు' అనే సంగతిని ఆ మాట ఎక్కడా వాడకుండా నాలుగు పేజీలు రాయగలను. చదివినవాడు పని అయిపోయిందనుకుని దణ్ణం పెట్టి వెళ్తాడు. ఇంటికి వెళ్ళాక గాని అతనికి అనుమానం రాదు.

ఈ ముక్కుల వ్యవహారం అంతా ఒకే ఒక్క తుమ్ముతో మొదలైంది.

పాత కాగితాల్ని ఫొటోలు తీసే కొత్త యంత్రం ఒకటి మా ఆఫీసుకి వచ్చింది. దాన్ని ప్రారంభించడానికి రాజధాని నుంచి డైరెక్టరుగారు వచ్చారు. రిబ్బను కట్టాం, కత్తెర పళ్ళెంలో పెట్టాం. ఆయన కత్తెర తీసుకుని రిబ్బను మీద పెట్టారో లేదో, వెనకాల వరసలోంచి మా క్లర్కు నరహరి తుమ్మాడు.

ఒక్కటే తుమ్ము. నరహరి రికార్డు రూము గుమ్మం తొక్కితే పదకొండు తుమ్ములకి తక్కువ తుమ్మడు. లెక్క తప్పితే మేమే కంగారు పడతాం. అలాంటివాడు ఆ రోజు ఒక్కటితో ఆపేశాడు. డైరెక్టరుగారు చదువుకున్నవారు, ఇలాంటివి నమ్మరట. నమ్మకపోయినా కత్తెర పళ్ళెంలో పెట్టేసి, కుర్చీలో కూర్చుని, మంచినీళ్ళు అడిగారు. హాల్లో ఉన్న అరవై మందీ నరహరి వంక చూశారు. రెండో తుమ్ము వస్తే దోషం పోతుంది కదా. పాపం వాడు ట్యూబులైటు వంక చూశాడు, మీసం వెంట్రుక ముక్కులోకి తోసుకున్నాడు, నాలుగు నిమిషాలు నోరు తెరిచి నిలబడ్డాడు. రాలేదు.

"అతనికేమైంది?" అన్నారు డైరెక్టరుగారు, నీళ్ళు తాగి.

"అలర్జీ అండీ" అన్నారు మా డిప్యూటీ డైరెక్టరు అనంతపద్మనాభంగారు.

"సైనస్ అండీ" అన్నాను నేను, అదే క్షణంలో.

డైరెక్టరుగారు మా ఇద్దరి వంకా చూశారు. "ఒక్క ముక్కు మీద ఆఫీసుకి రెండు అభిప్రాయాలా? తేల్చి రిపోర్టు పంపండి" అని రిబ్బను కత్తిరించి వెళ్ళిపోయారు.

మరో ఆఫీసైతే ఆ మాట అక్కడితో మరిచిపోయేది. మా అనంతపద్మనాభంగారు అలాంటి మనిషి కాదు. పైనుంచి ఒక ముక్క రాలితే దాన్ని నేల మీద పడనివ్వరు. మనిషి మంచివారే, ఎవర్నీ పల్లెత్తు మాట అనరు. కాకపోతే ఇంట్లో కూరలో ఉప్పు తక్కువైతే 'ఉప్పు విషయమై పునఃపరిశీలన అవసరం' అంటారని వాళ్ళ ఆవిడే మా ఆవిడతో చెప్పి నవ్విందట.

మూడో రోజుకల్లా సర్క్యులరు వచ్చింది. రాసింది నేనే. "ఉద్యోగుల నాసికా స్థితిగతులను శాస్త్రీయ ప్రాతిపదికపై వర్గీకరించు ఆవశ్యకత దృష్ట్యా" అని మొదలవుతుంది. సారాంశం చిన్నదే. అలర్జీ అంటదు గనక అది ఉద్యోగి స్వవిషయం, అతను తుమ్ముకుంటూ పని చేసుకోవచ్చు. ఇన్ఫెక్షన్ పది మందికీ పాకవచ్చు గనక అది ప్రభుత్వ విషయం, అతను తక్షణం ఇంటికి పోవాలి. ఏదో తేల్చడానికి 'నాసికా స్థితి నిర్ణాయక ఉపసంఘం' అని ఒకటి. అధ్యక్షులు అనంతపద్మనాభంగారు, సభ్యులు నేనూ, అకౌంటెంటు కుటుంబరావూ. ముగ్గురిలో ఒక్కడికీ వైద్యం రాదు. అందువల్ల పక్షపాతం ఉండదని సర్క్యులరులోనే రాశాను.

న్యాయంగా చెప్పాలంటే మేం డాక్టర్ని అడక్కపోలేదు. మా ఊరి పెద్దాసుపత్రిలో ముక్కు డాక్టరు జ్యోతిర్మయిగారికి లేఖ రాశాం. ఆవిడ మర్నాడే జవాబు పంపారు. ఒకే పేజీ, అందరికీ అర్థమయ్యే తెలుగులో.

అలర్జీ అయితే ముక్కు నీళ్ళలా కారుతుందిట, వరసపెట్టి తుమ్ములొస్తాయిట, ముక్కూ కళ్ళూ దురదపెడతాయిట, జ్వరం రాదుట. దుమ్ములోంచి బయటికొస్తే సాధారణంగా సర్దుకుంటుందిట. ఇన్ఫెక్షన్ అయితే బుగ్గల్లో, నుదుట్లో నొప్పి, వంగితే ఇంకా ఎక్కువ. ముక్కులోంచి చిక్కగా వస్తుంది, వాసన తెలియదు, జ్వరం రావచ్చు. సాధారణంగా పది రోజులు దాటినా తగ్గకపోయినా, తగ్గినట్టే తగ్గి తిరగబెట్టినా వెంటనే చూపించుకోవాలి. రంగు ఒక్కటే చూసి చెప్పలేం. ఒక్కోసారి రెండూ కలిసి కూడా ఉంటాయి. ఇదీ ఉత్తరం.

అనంతపద్మనాభంగారు రెండుసార్లు చదివి కళ్ళజోడు తీశారు.

"పట్టాభిరామయ్యగారూ, ఈమె 'సాధారణంగా' అను పదమును రెండు పర్యాయములు వినియోగించినారు. 'ఒక్కోసారి' అని ఒక పర్యాయము. ఇట్టి పదములపై ప్రభుత్వం నడచుట ఎట్లు?"

"కష్టమేనండి" అన్నాను.

"పైగా రెండూ కలిసి ఉండునట. ఒకే ఉద్యోగి రెండు వర్గములలో ఉండుటకు మన ఫారంలో గడి లేదు. నొప్పి కంటికి కనిపించదు. దురద మనకు తెలియదు. ఇందులో కొలవదగినది ఒక్కటే ఉన్నది. రంగు."

"రంగు చూసి చెప్పలేమని రాశారండీ ఆవిడ."

"ఆమె చెప్పలేరు. ఆమె ఏకవ్యక్తి. మనది సంఘం."

డాక్టరుగారి ఉత్తరం మీద 'చూడబడినది' అని రాసి ఫైల్లో పెట్టేశాను.

అలా చేతిరుమాళ్ళు వచ్చాయి. మనిషికి రెండేసి తెల్ల గుడ్డ రుమాళ్ళు, మూల ఆఫీసు ముద్రతో. ముక్కు బాగోలేదని అర్జీ పెట్టుకున్నవాడు ఒక పూటంతా ఆ రుమాలు వాడి, కవర్లో పెట్టి, సీలు వేసి, కమిటీకి దాఖలు చెయ్యాలి. రంగు పోల్చడానికి ప్రమాణం కావాలి గనక మా అటెండరు బుల్లియ్య బజార్లో రంగుల కొట్టుకి వెళ్ళి, గోడలకి వేసే రంగుల కార్డు ఒకటి పట్టుకొచ్చాడు. బుల్లియ్యకి రిటైర్మెంటు ఇంకా రెండేళ్ళుంది. ఆ కార్డు ఇచ్చేటప్పుడు అతని ముఖం చూసి ఆ రెండేళ్ళూ అతనికి చాలా పొడుగనిపిస్తున్నాయేమో అనుకున్నాను.

"గదికా, వరండాకా అని అడిగాడండి కొట్టాయన. ముక్కుకి అన్నానండి. ఇంకేం మాట్టాడలేదండి."

కార్డులో తెలుపు నుంచి వెన్నరంగు దాకా అలర్జీ. నిమ్మపండు రంగు నుంచి మామిడిపండు, పాచి రంగుల దాకా ఇన్ఫెక్షన్. అంత తేలిక. మొదటి మంగళవారం కమిటీ కూర్చుని పట్టకారుతో ఒక్కో రుమాలూ ఎత్తి, కిటికీ వెలుతుర్లో కార్డు పక్కన పెట్టి, నలభై నిమిషాల్లో తొమ్మిది ముక్కులు తేల్చేసింది. కుటుంబరావు రుమాలొక్కటే చిక్కు తెచ్చింది. ఆఫీసు ముద్ర సిరా తడికి కరిగి గుడ్డంతా ఊదారంగైంది. ఆ రంగు ఏ జబ్బులోనూ లేదు. 'తదుపరి ఉత్తర్వుల వరకు పెండింగు' అని రాశాం. అది ఇప్పటికీ పెండింగే. అతను సొంత జబ్బుతో ఉన్నాడో, ప్రభుత్వ జబ్బుతో ఉన్నాడో తెలియక రోజు విడిచి రోజు తుమ్ముతాడు.

నరహరికి అలర్జీ అని తేలింది. నిజంగా కూడా అలర్జీయే అని నా అనుమానం, ఎందుకంటే ఆదివారాలు అతను అసలు తుమ్మడు. కాని రెండో మంగళవారానికి నరహరి రుమాలు నిగనిగలాడే మామిడిపండు రంగులో వచ్చింది. పది రోజులు ఇంటికి పంపాం. మూడో మంగళవారానికి పంతొమ్మిది రుమాళ్ళొస్తే పద్దెనిమిది మామిడిపండ్లే. కమిటీ గదిలో పెళ్ళివారి వంటిల్లు వాసన వేసింది.

అనంతపద్మనాభంగారు ఆందోళన పడ్డారు. "ఇది ప్రబలుచున్నది" అన్నారు. గుమ్మంలో నిలబడ్డ బుల్లియ్య నోరు విప్పాడు.

"ఆయ్, ప్రబలడం కాదండి బాబూ. పసుపండి. ఆడవాళ్ళ సెక్షన్లో మంగళగౌరి నోముకి తెచ్చిన పసుపు పొట్లం ఉంటేను, నరహరిబాబు చిటికెడు అడిగి రుమాలుకి రాసుకున్నాడండి. అక్కణ్ణించి ఎవరి పొట్లం ఆళ్ళు తెచ్చుకుంటన్నారండి."

మామూలు మనిషైతే అక్కడితో రుమాళ్ళు పోగేసి తగలబెట్టి ఊరుకునేవాడు. అనంతపద్మనాభంగారి ముఖంలో మాత్రం నెమ్మదిగా ఒక వెలుగు రావడం నేను కళ్ళారా చూశాను.

"పట్టాభిరామయ్యగారూ, నేను ఈ ఊరు వచ్చి ఛార్జి తీసుకున్ననాడు మా ఇంట ఎర్రనీళ్ళతో దిష్టి తీసినారు. పసుపు నీటిలో సున్నం కలిపిన ఎడల ఏమగును?"

"ఎరుపెక్కుతుందండి."

"పసుపు గల రుమాలుపై సున్నపునీరు చిలకరించిన ఎడల ఎరుపెక్కును. నిజమైన ఇన్ఫెక్షన్‌పై చిలకరించిన ఎడల ఎరుపెక్కదు. ఇది శాస్త్రం."

ఆ మధ్యాహ్నమే బుల్లియ్య కిళ్ళీకొట్టు నుంచి సున్నం డబ్బీ తెచ్చాడు. పద్దెనిమిదీ ఎర్రబడ్డాయి. పద్దెనిమిది మందినీ పిలిచి మందలించాం. అందరూ తలొంచుకుని నవ్వు ఆపుకున్నారు. ఇకమీదట ఎరుపెక్కిన రుమాలు తాలూకు ఉద్యోగికి మోసం నేరం కింద మెమో ఇచ్చి, ఆ సంగతి సర్వీసు రిజిస్టర్లో ఎక్కించాలని సవరణ సర్క్యులరు వేశాం. అది నా డ్రాఫ్టుల్లో చాలా మంచిదని కుటుంబరావు కూడా అన్నాడు. నేనూ పొంగిపోయాను. ఈ మాట దాచుకోదలచుకోలేదు.

నాలుగో మంగళవారానికి ఒక్కటే రుమాలు వచ్చింది. అది మంగతాయారుగారిది.

మంగతాయారుగారు మా రికార్డు కీపరు. ఇరవై ఎనిమిదేళ్ళుగా ఆవిడ ఆ గోడౌనులోనే ఉంది. ఏ ఊరి ఏ సంవత్సరం కాగితం ఏ బీరువాలో ఏ కట్టలో ఉందో ఆవిడకి తప్ప ఎవరికీ తెలియదు. ఇన్నేళ్ళలో ఆవిడ పెట్టిన మెడికల్ లీవు నాకు తెలిసి మూడు రోజులు, అదీ కాలు విరిగినప్పుడు. పసుపు రుమాళ్ళు ఊరేగుతున్నన్ని రోజులూ ఆవిడ అర్జీ పెట్టలేదు. దుమ్ముకి తుమ్మడం ఆవిడకి కొత్త కాదు, అలవాటైపోయింది. ఈసారి జలుబు వచ్చి, ఆరు రోజులకి తగ్గినట్టే తగ్గి, ఎనిమిదో రోజున జ్వరంతో తిరగబెట్టిందనీ, కుడి బుగ్గా ఆ వైపు పళ్ళూ సలుపుతున్నాయనీ, రెండు రోజులు సెలవిప్పించమనీ రాసింది. నాలుగే లైన్లు.

రుమాలు పాచి రంగుకీ మామిడిపండు రంగుకీ మధ్యగా ఉంది. అనంతపద్మనాభంగారు సున్నపునీళ్ళు చిలకరించారు.

ఎర్రబడింది. అంతా కాదు. ఒక అంచున, రూపాయి బిళ్ళంత.

"పిలవండి" అన్నారు.

ఆవిడ వచ్చి నిలబడింది. కుడి బుగ్గ కొద్దిగా ఉబ్బి ఉంది. కళ్ళు నీళ్ళు కారుతున్నాయి. ఆ బుగ్గ మీద పచ్చగా పట్టు ఆనవాలు ఇంకా కనిపిస్తోంది.

"మీరు పసుపు వినియోగించినారా?" అన్నారు అనంతపద్మనాభంగారు.

"వాడానండి."

"అనగా అంగీకరించుచున్నారు."

"నొప్పికి తట్టుకోలేకపోతుంటే మా అత్తగారు పసుపు వెచ్చచేసి బుగ్గకి పట్టు వేశారండి. ముఖం తుడుచుకుంటే రుమాలుకి అంటుకుంటుంది కదండీ. నొప్పి చేసినప్పుడు పసుపు పట్టు వెయ్యని ఇల్లు ఈ ఊళ్ళో ఎక్కడుందండి?"

"మీ ఇంటి వైద్యం కమిటీ పరిధిలోనిది కాదు. ఎరుపు కమిటీ పరిధిలోనిది. పసుపు తీసివేయగా మీ వద్ద మిగులునది తుమ్ములు. తుమ్ములు అనగా అలర్జీ. అలర్జీకి సెలవు లేదు."

ఆవిడ నావైపు తిరిగింది. "మీరు చెప్పండి సూపర్నెంటుగారూ. ఇరవై ఎనిమిదేళ్ళుగా చూస్తున్నారు కదా నన్ను. నేను అబద్ధమాడే మనిషినాండి?"

ఆవిడ అబద్ధమాడదని నాకు తెలుసు. కుటుంబరావుకీ తెలుసు. బల్ల మీద సున్నం డబ్బీకి కూడా తెలిసే ఉంటుంది. నేను కాగితం వంక చూస్తూ, "నిబంధన అలా ఉందండి మంగతాయారుగారూ" అన్నాను. ముప్పై ఒక్క ఏళ్ళుగా ఆ మాట అనడం నాకు అలవాటే. ముగ్గురం సంతకాలు చేశాం. 'పసుపు ప్రయోగం ద్వారా ఉపసంఘమును తప్పుదోవ పట్టించినందుకు' సంజాయిషీ కోరుతూ మెమో ఇచ్చాం. ఆవిడ మెమో మడిచి బ్యాగులో పెట్టుకుని రికార్డు రూములోకి వెళ్ళిపోయింది.

తర్వాత రెండు రోజులూ ఆవిడ పనికి వచ్చింది. గురువారం నాకు పాత సర్వే పటం ఒకటి కావలసి రికార్డు రూములోకి వెళ్ళాను. ఆవిడ గోడకి చెయ్యి ఆనించి నిలబడి ఉంది. పటం ఎక్కడుందని అడిగాను.

"మూడో బీరువా, అట్టడుగు అర, ఎడమ చేతివైపు నాలుగో కట్టండి. మీరే తీసుకోండి. నేను వంగలేనండి. వంగితే బుగ్గ ఊడి కింద పడిపోతుందేమోననిపిస్తోంది."

చెప్పిన చోటే ఉంది పటం. పటం తీసుకుని పైకి లేచి ఆవిడ ముఖం చూశాను. కుడి కంటి కింద వాచింది. రెప్ప సగం మూసుకుపోయింది. నాకు డాక్టరుగారి ఉత్తరంలో మాటలు ఒక్కొక్కటే గుర్తొచ్చాయి. వంగితే ఎక్కువ. జ్వరం. తగ్గినట్టే తగ్గి తిరగబెడితే. అన్నీ అందులో ఉన్నాయి. 'చూడబడినది' అని నా చేతి రాతతోనే ఉంది. నాకు చచ్చేంత సిగ్గేసింది.

ఆఫీసు వేళలో బయటికెళ్ళడానికి మూవ్‌మెంటు రిజిస్టర్లో కారణం రాయాలి. నేను రాయలేదు. బుల్లియ్య చేత ఆటో పిలిపించి ఆవిణ్ణి పెద్దాసుపత్రికి తీసుకెళ్ళాను. దారంతా బుల్లియ్య డ్రైవరు పక్కన కూర్చుని, "గుంటలు సూసుకుని పోనియ్ బాబూ, అమ్మకి తలకాయ నెప్పి" అంటూనే ఉన్నాడు.

జ్యోతిర్మయిగారు చాలా చిన్నావిడ. బుగ్గ మీద వేలితో నొక్కి, టార్చితో ముక్కులోకి చూసి, కన్ను పరీక్షించి, నన్నడిగింది.

"ఎన్ని రోజులైందండీ ఇలా?"

"పదకొండండి."

"ఎవరికీ చూపించలేదా?"

"కమిటీకి చూపించారండి" అన్నాను.

ఆవిడ నా ముఖం వంక, జేబులో ఆఫీసు ముద్రున్న రుమాలు వంక చూసి, "ఓహో, మీరా ఉత్తరం రాసింది" అంది. వాపు కంటి వైపు పాకుతోందనీ, ఇంకా ఆలస్యం చేస్తే కంటికే ముప్పనీ, ఇప్పుడే చేర్పించాలనీ చెప్పింది. మంగతాయారుగారు ఐదు రోజులు ఆస్పత్రిలో ఉంది. ఇంజెక్షన్లతో వాపు దిగింది. కన్ను దక్కింది.

చేర్చిన మర్నాడే సైనస్ ఇన్ఫెక్షన్ అని ఆస్పత్రి సర్టిఫికెట్ ఇచ్చింది. నేనే పట్టుకెళ్ళి అనంతపద్మనాభంగారి బల్ల మీద పెట్టాను. ఆయన నిజంగానే బాధపడ్డారు. "అయ్యో, ఎట్లున్నారు ఇప్పుడు?" అని అడిగారు. కొంచెం నయమన్నాను. ఊపిరి పీల్చుకుని, సర్టిఫికెట్ చదివి, మళ్ళీ డిప్యూటీ డైరెక్టరైపోయారు.

"ఇందొక సంకటమున్నది. కమిటీ నిర్ణయం అలర్జీ. ముగ్గురు సభ్యులం, ఏకగ్రీవం. ఆస్పత్రి నిర్ణయం ఇన్ఫెక్షన్. ఒక్క డాక్టరు. ముగ్గురి మాటను ఒక్కరి మాట కొట్టివేయుట పరిపాలనలో ఎచటనూ లేదు. ఈ సర్టిఫికెట్‌ను కమిటీ నిర్ణయమునకు అనుగుణముగా సవరింపగోరుచూ వారికి వ్రాయండి."

రాశాను. జ్యోతిర్మయిగారి దగ్గర్నుంచి మర్నాడే జవాబు వచ్చింది. "తప్పకుండా సవరిస్తాను. దానికి ముందు మీ కమిటీ వచ్చి, మిగిలిన ఇంజెక్షన్లు అలర్జీకిచ్చేవి చేసి, రోగిని ఇంటికి పంపగలరు." అనంతపద్మనాభంగారు ఆ ఉత్తరం ఫైల్లో పెట్టి ట్యాగు కట్టారు. తర్వాత, "సమాధానం సంతృప్తికరముగా లేదు. కనుక మెమో నిలుచును. సర్వీసు రిజిస్టర్లో నమోదు చేయండి. ముగ్గురం సంతకం చేయవలెను" అన్నారు.

అంటే మోసం చేసిందని ఆవిడ పేరు మీద శాశ్వతంగా రాయాలన్నమాట. సర్వీసు రిజిస్టరు మనిషి రిటైరయ్యాక కూడా ఉంటుంది. ఆవిడ ఇరవై ఎనిమిదేళ్ళ రిజిస్టర్లో అటువంటి మాట ఒక్కటి లేదు. నేను రిజిస్టరు తెప్పించుకుని నా గదిలో కూర్చున్నాను. డ్రాఫ్టు అప్పటికే సిద్ధంగా ఉంది, ఆరు లైన్లు, ఎక్కడా వేలు పెట్టడానికి సందు లేదు. పెన్ను తీశాను. రిజిస్టరు మొదటి పేజీలో ఆవిడ చేరినప్పటి వివరాలున్నాయి. గుర్తింపు చిహ్నం అన్న చోట 'కుడి బుగ్గపై పుట్టుమచ్చ' అని ఉంది. ఆ రోజు రికార్డు రూములో ఆ మచ్చ వాపులో కనిపించనే లేదు.

డ్రాఫ్టు మడిచి సొరుగులో పెట్టేశాను. రిజిస్టర్లో ఇలా రాశాను: "ఈ ఉద్యోగికి జబ్బు చేసింది. ఆమె చెప్పింది. మేము నమ్మలేదు. తప్పు మాది."

ముప్పై ఒక్క ఏళ్ళలో నేను రాసిన అతి చిన్న నోటు అది. కింద సంతకం చేసి, ముద్ర వేసి, కుటుంబరావు దగ్గరికి తీసుకెళ్ళాను. అతను రెండుసార్లు చదివాడు.

"మేము అంటే నేనూ ఉన్నానా ఇందులో?"

"ఉన్నావు."

కుటుంబరావు కళ్ళజోడు తుడుచుకున్నాడు. పెట్టుకున్నాడు. సంతకం చేశాడు.

అనంతపద్మనాభంగారి బల్ల మీద ఆ వేళ ముప్పై దాకా ఫైళ్ళున్నాయి. రిజిస్టరు తెరిచి ఆయన ముందుంచాను. "నమోదు చేసినారా?" అన్నారు. "రాశానండి" అన్నాను. ఆకుపచ్చ సిరాతో సంతకం చేశారు. చేసిన తర్వాత, అలవాటు ప్రకారం సిరా ఆరడానికి ఊదుతూ, అప్పుడు చదివారు.

"పట్టాభిరామయ్యగారూ, ఇందులో డ్రాఫ్టింగు లేదు" అన్నారు.

"లేదండి."

"కొట్టివేసిన?"

"కొట్టివేతకి కారణం పక్కన రాసి, ముగ్గురం మళ్ళీ సంతకం చెయ్యాలండి. ఏం కారణం రాయమంటారు?"

ఆయన కిటికీలోంచి బయటికి చూశారు. ఆ గోడౌను గోడలూ, దుమ్మూ, వరండాలో ఆరేసిన తెల్ల రుమాళ్ళూ కనిపిస్తున్నాయి. ఏదో ఒక కారణం వెతుకుతున్నారనుకున్నాను. ఆయన రిజిస్టరు మూసి, నా చేతికి ఇచ్చేశారు. "ఆవిడకి చూపించండి" అన్నారు. ఆఫీసు కాగితం మీద ఆయన నోట మామూలు తెలుగు వినడం అదే మొదటిసారి.

సోమవారం మంగతాయారుగారు పనిలో చేరింది. మనిషి చిక్కింది, ముఖం మాత్రం తేటపడింది. తన రిజిస్టర్లో ఏ నమోదు జరిగినా ఉద్యోగి చదివి సంతకం చెయ్యాలి గనక, నేనే రికార్డు రూముకి పట్టుకెళ్ళి, ఆవిడ బల్ల మీద పేజీ తెరిచి పెట్టి పక్కన నిలబడ్డాను. ఆవిడ చదివింది. మూడు సంతకాలూ చూసింది. తన సంతకం చేసి తేదీ వేసింది.

మెచ్చుకుంటుందేమోనని ఎదురుచూశానని చెప్పడానికి నాకు మొహమాటంగా ఉంది. కాని ఎదురుచూశాను.

ఆవిడ రిజిస్టరు మూసి నాకందించింది.

"నాకు జబ్బు చేసిందన్న మాట ఆ రోజు నోటితో అనుంటే సరిపోయేది కదండీ" అంది. "ఇంత కాగితం ఎందుకండి, సూపర్నెంటుగారూ?"